ఆరో కర్ర

షూ లేసు కట్టుకుందామని వంగిన క్లైవ్ మళ్ళీ లేవలేదు.

"నడుం పట్టేసింది," అన్నాడు నేలకేసి చూస్తూనే.

బెరిల్ చర్చి గడియారం కేసి చూసింది.

"ఇవాళేనా క్లైవ్? పన్నెండు కొట్టడానికి అరగంట కూడా లేదు!"

"నేనేమన్నా ముహూర్తం పెట్టుకుని పట్టించుకున్నానా?"

ఇద్దరు మనుషులు అతణ్ణి ఆ వంకరతోనే ఎత్తుకెళ్ళి పబ్ ముందు బల్ల మీద పడుకోబెట్టారు. కాళ్ళకున్న గజ్జెలు దారి పొడుగునా ఘల్లుఘల్లుమన్నాయి.

మెల్‌వుడ్‌కీ టాడ్‌ఫోర్డ్‌కీ మధ్య ఏడు మైళ్ళు. పగ మాత్రం తాతల నాటిది. మోరిస్ ఆట, అదే ఇంగ్లండు పల్లెల్లో గజ్జెలు కట్టి ఆడే కర్రల ఆట, మాదంటే మాదని. ఆ తగువు తెంచలేక ఏనాడో ఒక పెద్దమనిషి వెండి కప్పు ఒకటి చేయించి షరతు పెట్టి పోయాడు. కప్పున్న ఊరు ఏటా మే పండగనాడు, పన్నెండు కొట్టగానే, ఆరుగురితో కర్రల ఆట ఆడి తీరాలి. అవతలి ఊరి నుంచి ఒకరు సాక్షిగా వస్తారు. ఒక్క మనిషి తక్కువైనా ఆ సాక్షి కప్పు పట్టుకుపోవచ్చు.

కప్పు బెరిల్ తాతగారి కాలం నుంచీ మెల్‌వుడ్‌లోనే ఉంది. నాన్న పోయాక జట్టు ఆమె చేతికొచ్చి ఏడాదైనా కాలేదు.

"ఊళ్ళో ఇంకెవరికీ రాదా ఈ ఆట?" అంది ఏడుపు గొంతుతో.

"వచ్చినవాళ్ళంతా ఇక్కడే ఉన్నాం. రానివాళ్ళు బీరు తాగుతున్నారు," అన్నాడు మెలోడియన్ పెట్టె వాయించే ముసలి నార్మన్.

"కప్పు నా చేతుల మీదుగానే పోవాలా!"

"ఊరుకోవే పిల్లా. టాడ్‌ఫోర్డ్ మనిషి ఇంకా రానేలేదు. వాళ్ళకి దారి తెలిస్తేగా!"

"ఏమండీ..."

వెనక నుంచి ఎవరో పిలిచారు. నలభై ఏళ్ళుంటాయి. భుజాన ఖాళీ సంచి, చేతిలో సగం తిన్న జున్ను శాండ్‌విచ్.

"మనిషి తక్కువయ్యాడా? నేను కాస్త ఆడతాను."

యాభై దాటిన బెరిల్ అతణ్ణి ఎగాదిగా చూసింది.

"ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?"

"అక్కడా ఇక్కడా."

"టీవీ ముందు కూర్చునా?" అన్నాడు నార్మన్.

అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు.

"బయటివాణ్ణి ఆడిస్తే వాళ్ళ సాక్షి ఒప్పుకుంటాడా?" బల్ల మీంచి మూలిగాడు క్లైవ్.

"షరతులో ఆరుగురని ఉంది. ఆ ఆరుగురి అమ్మానాన్నలెవరని లేదు," అంది బెరిల్. గతిలేనప్పుడు ఎవరికైనా లా పాయింట్లు బాగానే తడతాయి.

క్లైవ్ గజ్జెలు విప్పి అతనికి కట్టారు. క్లైవ్ చెమట టోపీ అతని నెత్తిన పెట్టారు.

"నాకు ఎదురుగా నిలబడు. సొంత తెలివితేటలు చూపించకు. నీ కర్ర నా కర్రకి తగలాలి, నా వేళ్ళకి కాదు. తెలిసిందా?" అంది బెరిల్.

"అలాగేనమ్మా."

చర్చి గడియారం పన్నెండు కొట్టింది. నార్మన్ పాట అందుకున్నాడు.

మొదటి విడతలోనే అతను ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగాడు.

"ఇటు! ఇటు తిరిగి చావు, మొద్దూ!" పళ్ళు నూరింది బెరిల్.

అతను సర్దుకున్నాడు. ఇక ఆ తర్వాత ఒక్క దెబ్బ తప్పితే ఒట్టు. ఆమె కర్ర ఎటు లేస్తే అతని కర్ర అటే వచ్చి తగిలింది. క్లైవ్‌తో ఇన్నేళ్ళు ఆడినా ఆమె అడుగు అంత తేలిగ్గా ఎప్పుడూ పడలేదు. నాన్న ఉండి చూస్తే ఎంత బాగుండేదో అనుకుంది.

ఆట ముగిసింది. ఊరు ఊరంతా ఈలలు, చప్పట్లు. కప్పు నిలిచింది.

ఆడినవాళ్ళంతా ఆ కప్పులో బీరు పోసుకుని, చేతులు మార్చుకుంటూ తాగడం ఆనవాయితీ. అది కొత్త మనిషి దాకా వచ్చేసరికి బెరిల్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమనుకోకు బాబూ. దీన్ని మా ఊరివాళ్ళు తప్ప ఎవరూ ఎంగిలి చెయ్యకూడదు. లోపల నీకు వేరే గ్లాసు ఇప్పిస్తాను."

అతని మొహం ఒక్క క్షణం చిన్నబోయింది.

"పర్లేదమ్మా. బస్సు టైమైంది."

గజ్జెలు విప్పి, జాగ్రత్తగా చుట్టి, క్లైవ్ పక్కన పెట్టాడు.

"ముక్కూ మొహం తెలియని మాకెందుకయ్యా ఇంత సాయం?" ఉండబట్టలేక అడిగింది బెరిల్.

"ఎదుటివాడి చేతిలో కర్ర లేకపోతే మనం గాల్లో ఊపుకోవడమేగా అమ్మా," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

బస్సు మలుపు తిరిగాక గానీ పేరైనా అడగలేదని ఆమెకు తోచలేదు. చేతిలోని కప్పు కింద పెట్టింది. పోనీ, ఒక్క గుక్క తాగనిస్తే ఏం పోయేది?

"టాడ్‌ఫోర్డ్ మనిషి జాడే లేదు!" నార్మన్ సంబరం అంతా ఇంతా కాదు. "ఫోన్ చేసి కడిగెయ్యవే! మేమూ వింటాం."

బెరిల్ టాడ్‌ఫోర్డ్ పబ్‌కి ఫోన్ చేసింది. దాని యజమానురాలు హిల్డా ఎత్తింది.

"ఏం హిల్డా, మనిషిని పంపడానికి మొహం చెల్లలేదా? ఆరుగురం ఆడాం, తెలుసా!"

"తెలుసులేవమ్మా. మా సాక్షి బస్సులోంచి ఇప్పుడే ఫోన్ చేశాడు. కప్పు తెస్తాడని ఇక్కడ అలమర తుడిచి కూర్చున్నాం, వట్టి చేతులతో వస్తున్నాడు. పైగా వచ్చే ఏడు మిమ్మల్ని పిలవాలట, రెండూళ్ళూ ఒకే వరసలో నిలబడి ఆడాలట!"

"మీ సాక్షా? మాకెవరూ కనపడలేదే! ఎవరతను?"

"మా జట్టు కొత్త నాయకుడు. ఇందాక నీకు ఎదురుగా నిలబడి ఆడింది అతనే."