వ్యాపనం

ఇన్‌స్పెక్టరు వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. ఎనిమిదో తరగతి పిల్లల కొలతకి చేసిన బెంచీ అది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నా ఆయన హుందాగానే ఉన్నాడు.

"కానివ్వండమ్మా. నేను లేననుకోండి."

సైన్సు టీచరు జంకింది. పాఠం రాక కాదు. పందొమ్మిదేళ్లుగా చెబుతున్నదే, పదార్థమూ దాని స్థితులూ. భయమల్లా ముక్కుతోనే.

నాలుగు నెలల కిందట ఆమెకి జ్వరం వచ్చింది. పోతూ పోతూ అది వాసన తెలిసే శక్తిని కూడా వెంట తీసుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఈ సంగతి భర్తకి తప్ప మూడో మనిషికి తెలియనివ్వలేదు. ఇంట్లో పొయ్యి మీద ఏది మాడినా ముందుగదిలోంచి ఆయనే కేకేస్తాడు. బడిలో ఎవరు కేకేస్తారు? గ్యాస్ బర్నర్లూ, యాసిడ్ సీసాలూ ఉన్న ల్యాబు ఆమె చేతిలో ఉంది. చూపు తగ్గిందని తెలిసిన మర్నాడే లెక్కల మాస్టారిని లైబ్రరీకి పంపేసిన హెడ్‌మాస్టరు, వాసన తెలియని మనిషిని ల్యాబులో ఉంచుతాడా?

అందుకే ఎలాగో నెట్టుకొస్తోంది. అదృష్టంకొద్దీ పిల్లలు మంచివాళ్లు. లీడరు పిల్ల అయితే రోజూ ముందుగా ల్యాబులోకి వెళ్లి, కిటికీలన్నీ తెరిచి, "అంతా బాగుంది టీచర్" అన్నాకగానీ ఆమెని లోపలికి రానివ్వదు. శ్రద్ధ గల పిల్ల. మూడో బెంచీ పిల్లే కాస్త అతి. ఏ సీసా మూత తీసినా "అమ్మో, అమ్మోనియా!" అని అరుస్తుంది. తెలివి చూపించుకోవద్దని టీచరు రెండుసార్లు మందలించింది కూడా.

"ఘనపదార్థానికి తన ఆకారం తనకుంటుంది," అంటూ సుద్దముక్క చూపించింది టీచరు. "ద్రవం ఏ పాత్రలో పోస్తే ఆ ఆకారం తెచ్చుకుంటుంది. వాయువుకి మాత్రం ఇంత చోటు చాలు అనే మాటే లేదు. దొరికినంత మేరా పరుచుకుంటుంది, మా తోడికోడలి సామాన్లలాగా."

పిల్లలు నవ్వారు. ఇన్‌స్పెక్టరు ఏదో రాసుకున్నాడు.

ఫ్యాను ఆపించి, కొత్త సెంటు సీసా మూత తిప్పి తీసి, బల్ల మీద పెట్టింది.

"వాసన మీదాకా రాగానే చెయ్యెత్తండి. ముందు ఎవరికొస్తుందో, వెనక ఎవరికొస్తుందో చూద్దాం."

చేతిగడియారం చూస్తూ నిలబడింది. పది సెకన్లు. ఇరవై. అరనిమిషం. ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇన్‌స్పెక్టరు కలం ఆపి తలెత్తాడు.

టీచరు సీసా మీదికి వంగింది. గట్టిగా పీల్చింది. "ఆహా!" అంది.

ముందు బెంచీలో లీడరు పిల్ల సీసా వైపు చూసింది. టీచరు వైపు చూసింది. వెనక్కి తిరిగి ఒక్కసారి క్లాసంతా కలయజూసి, చెయ్యెత్తింది.

"వచ్చింది టీచర్."

ఆ వెంటనే మొదటి బెంచీ మొత్తం చేతులెత్తింది. కాసేపటికి రెండోది. మూడో బెంచీ పిల్ల "అబ్బ, ఎంత ఘాటో!" అని తుమ్మింది కూడా. ఒకదాని తర్వాత ఒకటి, ఎక్కడా వరస తప్పకుండా, పుస్తకంలో బొమ్మ వేసినట్టు చేతులు లేచాయి. ఆఖరి బెంచీ పిల్లలకి రెండు నిమిషాల పది సెకన్లు పట్టింది.

ఇక మిగిలింది ఇన్‌స్పెక్టరు. నలభైమంది పిల్లలూ వెనక్కి తిరిగి ఆయన ముక్కు వైపే చూస్తున్నారు.

ఆయన ఒకసారి గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. మెల్లగా చెయ్యెత్తాడు.

"మల్లె కదమ్మా?"

టీచరు సీసా మీది చీటీ చదివింది. "గులాబీ అండీ."

"అదే, అదే. ఇంత దూరం వచ్చేసరికి కాస్త..."

"పలచబడుతుంది సార్," అంది లీడరు పిల్ల.

"ఆఁ. పలచబడుతుంది."

'ప్రయోగం అమోఘం. వాయువుల వ్యాపనాన్ని నేను స్వయంగా అనుభవించాను' అని అక్కడికక్కడే రిపోర్టులో రాశాడు ఇన్‌స్పెక్టరు. ఆయన్ని తీసుకెళ్లడానికొచ్చి అది చదివిన హెడ్‌మాస్టరు, వచ్చే ఏడు కూడా ల్యాబు మీదేనమ్మా అని చెప్పి వెళ్లాడు.

బెల్లు కొట్టారు. పిల్లలంతా బిలబిలమంటూ బయటికి పరిగెత్తారు. టీచరు కుర్చీలో కూలబడి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి గుండెనిండా ఊపిరి తీసుకుంది.

లీడరు పిల్ల ఒక్కతే ఆగింది. సెంటు సీసాకి మూత బిగించి ఆమె చేతికిచ్చి, గొంతు తగ్గించి అంది:

"మధ్యాహ్నం పక్క సెక్షనుకి చూపించేటప్పుడు లోపలి బిరడా కూడా తీయండి టీచర్, వాళ్లకి మీ ముక్కు సంగతి ఇంకా తెలీదు."