గోడ అవతల

“ఈ గోడల్లో ఏం నింపారు?” అడిగాడు పెద్దాయన.

ఇంజనీరుకు ప్రాణం లేచొచ్చింది. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు వంటగది చూస్తారు, పడకగది చూస్తారు, పోతారు. గోడ లోపల ఏముందని అడిగిన మనిషి ఇన్నాళ్లకు ఈయనొక్కడే.

ఆ కాలనీలో ఇళ్లు చూపించి అమ్మే పనికి ఇంజనీరు కొత్తగా వచ్చాడు. అక్కడి ఇళ్లూ కొత్తవే. తక్కువ కరెంటుతో సరిపెట్టుకునేలా, ఇంధన పొదుపు ప్రమాణాలన్నీ పాటించి కట్టినవి. పక్కిల్లు పెద్దాయనదే. ఈమధ్యే ఖాళీ అయిన ఈ ఇల్లు కూడా ఆయనే కొనేస్తాడేమోనని ఇంజనీరు ఆశ.

“రాతి ఉన్ని అండీ, జానెడు మందం. కిటికీలకు మూడు పొరల అద్దం. తలుపుల చుట్టూ రబ్బరు పట్టీ. చీమ దూరే సందుండదు. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా లోపలికి సెగ రాదు.”

“మరి చప్పుడు?”

“అదీ అంతే. లోపలిది లోపలే.”

పెద్దాయన ఆ గోడను అరచేత్తో తడిమాడు.

“మా ఆవిడ అవతల గోడకు చెవి ఆనించి కూర్చుంది బాబూ. ఎంత చెప్పినా నమ్మదు. ఒక్కసారి గట్టిగా అరుస్తావా? నా గొంతు లేవడం లేదు.”

ఇంజనీరుకు నవ్వొచ్చింది. సిగ్గుపడుతూనే “ఓయ్!” అన్నాడు.

“అలా కాదు. ప్రాణం మీదికొచ్చినట్టు.”

ఇంజనీరు గొంతు చించుకున్నాడు.

“గోడ కూడా బాదు.”

బాదాడు. అరచేతులు కందిపోయాయి. పెద్దాయన కళ్లు మూసుకుని, ఇక చాలన్నట్టు చెయ్యెత్తాడు.

ఇద్దరూ పక్కింట్లోకి వెళ్లారు. పెద్దావిడ నేలమీద కూర్చుని, గోడకు చెవి ఆనించే ఉంది. అలికిడికి తల తిప్పింది.

“ఏం, ఇంకా మొదలుపెట్టలేదా?”

ఇంజనీరు ముఖం చేటంత అయింది.

“అయిపోయిందమ్మా! గొంతు పోయేలా అరిచాను. చూశారా, పనితనమంటే అదీ!”

ఇక బేరం కుదిరినట్టే అనుకున్నాడు.

పెద్దాయన భార్య పక్కన చతికిలబడి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

“చూశావుగా, ఇకనైనా నిన్ను నువ్వు తిట్టుకోవడం మానెయ్యవే... ఆ ఇంట్లో అల్లుడు చంపేస్తుంటే మన చిట్టితల్లి ఎంత అరిచినా, నీకు వినపడే దారే లేదు.”