పేరులోనే వంశం

తొట్టెల ఇంకా కట్టనే లేదు, మట్టెవాడలో రాంచందర్ సారు ఇంట్లో పేరు దగ్గర పంచాయితీ మొదలైంది.

సారు హెడ్మాస్టరు. వరంగల్ జిల్లాలో ఆయన పంతులుగా పనిచేయని ఊరు తక్కువ. తొలి మనవడికి 'విభావసువు' అని పేరు ఖాయం చేసి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అర్థం చెప్పేశాడు.

నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన లచ్చవ్వ, అల్లుడి తల్లి, ఒప్పుకోలేదు.

"అన్నా, దవాఖానల కోడలికి పానం మీదికొచ్చిననాడు కొమురెల్లి మల్లన్నకు మొక్కిన. తల్లీబిడ్డ సల్లగ బయటవడితె పోరనికి కొమురెల్లని పెడ్తనన్న. మొక్కు తప్పితె వానికేమన్న అయితదేమోనని బుగులైతాంది."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సారుకు జాలేసింది. కానీ జాలిపడి పేర్లు పెడతారా?

"చెల్లె, మల్లన్న ముందట ముగ్గుల పట్నాలేయించు, బోనం చెయ్యి, నేను గూడ వస్త. పేరు మాత్రం అడగకు. కొమురెల్లి, మొగిలి, యాకయ్య... ఇవన్నీ జాతరల పేర్లు. పేరంటే దానికో ధాతువుండాలె, వ్యుత్పత్తి ఉండాలె. విభావసువంటే కాంతియే ధనముగా గలవాడు. సూర్యుడు!"

"ఆ సూరీడు దవాఖానకు రాలె గదన్నా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సారు గొంతు సవరించుకుని, పక్కనే కూర్చున్న అల్లుణ్ణి చూపించాడు.

"మా అల్లుణ్ణే చూడు. మృగాంకమౌళి! మృగాంకుడంటే చంద్రుడు. మౌళి అంటే శిరస్సు. చంద్రుణ్ణి తలమీద ధరించిన పరమశివుడు! మా శ్యామలకు ముందుగాల ఇంజినీరు సంబంధమొచ్చింది. పిల్లగాని పేరు మొగిలి అన్నరు. చాయ్ గూడ పొయ్యకుండ పంపించిన. నీ కొడుకు పేరు వినంగనే జాతకం చూడకుండ ఖాయం చేసిన. ఎందుకు? ఏడు తరాలు చదువుకున్న వంశంల తప్ప ఇసొంటి పేరు పుట్టదు!"

కాజీపేట రైల్వేలో క్లర్కుగా చేస్తున్న మృగాంకమౌళి, తల వంచుకుని చేతిగడియారానికి తాళమివ్వసాగాడు. అది పొద్దున్నే ఇచ్చిన తాళం. తల్లి వైపు ఒకసారి చూసి, వద్దన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు.

లచ్చవ్వ తెరిచిన నోరు మూసుకుంది.

వియ్యపురాలు ఓడిపోయిందని సారుకు తెలిసిపోయింది. తొట్టెలకు కట్టడానికి తెచ్చిన పూలదండ అందుకున్నాడు. గెలిచినవాడు కాబట్టి కాస్త దయగానే మాట్లాడాడు.

"అంత గొప్ప పేరు పెట్టుకున్న ఇంటికి ఈ కొమురెల్లి ఏంది చెల్లె? కొడుకు పేరు దగ్గర ఉన్న జ్ఞానం మనవని దగ్గరికొచ్చేటాలకు ఏడవోయింది?"

లచ్చవ్వ ఒళ్లో పిల్లవాడు కదిలితే గుండెకు హత్తుకుంది.

"అసలు మీ ఇంట్ల ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరు? తాతనా? కులగురువా? ఉంటే చెప్పు, ఇప్పుడే పోయి కాళ్లు మొక్కుత. ఈ పోరని పేరు గూడ ఆయననే అడుగుదాం."

"అమ్మా, ఊకో," అన్నాడు మృగాంకమౌళి మెల్లగా.

లచ్చవ్వ ఊకోలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈసారి 'అన్నా' అని కూడా అనలేదు.

"తాతా లేడు గురువూ లేడు సారూ, ముందుగాల ఇద్దరు పిల్లలు పోయిండ్రని పెంటకుప్ప మీద పండవెట్టి పేరు వెట్టుకున్న మా పెంటయ్యను బడిల ఏస్తందుకు తోల్కొస్తె, 'గిదేం పేరే' అని నన్ను కోపం జేసి, మృగాంకమౌళి అని మార్చిన పంతులువు నువ్వే గద!"