పీకేసిన వరస

"ఈ వరస ఎవరు పీకారు?"

మినుము మడిలోంచి సైంటిస్టు జ్యోతిర్మయి వేసిన కేకకి ఎలీసమ్మ పరుగెత్తుకొచ్చింది. పరిశోధన క్షేత్రంలో కూలికి కుదిరి నాలుగు రోజులే అయింది.

"నేనేనండి మేడంగారూ. ఆకులన్నీ పసుపెక్కిపోయాయండి. పల్లాకు తెగులు. మా చేలల్లో అయితే కనపడగానే పీకేస్తాం, పక్క మొక్కలకి అంటుకోకుండా..."

"అంటుకోవాలనే వేశాం! తెగులు ఇట్టే సోకే పాత రకం అది. దాని పక్కన ఉండి కూడా పచ్చగా నిలిచే కొత్త రకం ఏదో తేల్చడానికి. ఇప్పుడెలా తేలుతుంది?"

గట్టు మీద పీకి పడేసిన మొక్కలు వాడిపోయి ఉన్నాయి. 'రేపట్నుంచి రావద్దు' అనే మాట ఎప్పుడు పడుతుందా అని చూస్తూ ఎలీసమ్మ నిలబడింది.

జ్యోతిర్మయి ఖాళీ వరస వెంట నడిచి, చివర్లో ఆగిపోయింది.

"దీన్నెందుకు వదిలేశావు?"

రెండో తప్పు కూడా బయటపడిందనుకుంది ఎలీసమ్మ.

"అదొక్కటీ పచ్చగా ఉందండి. పీకడానికి చేతులు రాలేదు."

జ్యోతిర్మయి మట్టిలో కూలబడింది. ఒక్కో ఆకూ తిరగేసింది. అంత తెగులు మధ్య, ఆ పాత రకం మొక్క మీద, ఒక్క పసుపు మచ్చ లేదు. ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదు.

గట్టు అవతల మేక అరిచింది. ఆమె ఉలిక్కిపడి, చున్నీ లాగి మొక్కకి అడ్డం పట్టింది.

"ఎలీసమ్మా," అంది. "కాయలు ఎండి విత్తనం చేతికొచ్చేదాకా నువ్వు దీన్ని వదిలి ఎటూ పోవద్దు."