వంటింటి గోడ

"చూడామణి గారు బస్సెక్కారంట. ఇల్లొకసారి చూసి పోతారంట. గంటలో వచ్చేస్తారు!" ఫోన్ పెట్టేసి ఫ్రాన్సిస్ వంటింట్లోకి పరిగెత్తాడు.

పొయ్యి దగ్గరున్న అతని భార్య రూబీ గబుక్కున గోడ వంక చూసింది. జగ్గయ్యపేటలో ఈ ఇల్లు అద్దెకిచ్చి నందిగామ వెళ్ళిపోతూ ఆ పెద్దావిడ గట్టిగా చెప్పింది, గోడకి మేకు కొట్టినా ఊరుకోనని. రూబీ మేకు కొట్టలేదు. వంటింటి గోడంతా బొమ్మలు వేసింది.

చొట్టపడ్డ పాలగిన్నె, పప్పుగుత్తి, టీ వడకట్టు, బోర్లించిన గ్లాసులు. అన్నీ ఇంట్లో ఉన్నవే. పిల్ల బడికెళ్ళాక, వాటి మీద కిటికీ వెలుగు ఎలా పడుతుందో చూసుకుంటూ వేసింది.

"ఖాళీ చెయ్యమంటే ఎక్కడికెళ్తామండీ? మీ ఫ్యాక్టరీ బస్సు ఈ వీధిలోనే ఆగుద్ది. పిల్ల బడీ ఇక్కడే."

ఫ్రాన్సిస్ గబగబా వైట్ సిమెంటు కలిపాడు. బ్రష్ ముంచి గోడ దగ్గరికి వెళ్ళాడు.

"కొట్టెయ్యండి" అంది రూబీ కళ్ళు గట్టిగా మూసుకుని.

చప్పుడు లేదు. కళ్ళు తెరిచింది. అతను వడకట్టు బొమ్మ ముందు నిలబడిపోయాడు. బ్రష్ నుంచి చుక్కలు నేల మీద కారుతున్నాయి.

"రోజూ దీంతోనే కదా టీ పోస్తావు. ఇది ఇంత బాగుంటుందా?" అన్నాడు. తర్వాత బ్రష్ బకెట్లో పడేశాడు. "నా వల్ల కాదు రూబీ. తిడితే పడదాం."

గేటు చప్పుడైంది.

చూడామణి చెప్పులు విడిచి తిన్నగా వంటింటికే వచ్చింది. గడప దగ్గరే ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఒక్కో బొమ్మ ముందూ నిలబడింది. పాలగిన్నె చొట్టని వేలితో తడిమింది.

రూబీ ముందుకొచ్చింది. "తప్పయిపోయింది ఆంటీ. ఇవాళే తెల్లగా కొట్టిచ్చేస్తాం."

"ఎవరేశారు?"

"నేనేనండి."

ఆవిడ పొయ్యిగట్టుకి చేరగిలబడింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ వంటింట్లోనే వండానమ్మా. ఎప్పుడు బయటపడదామా అన్న గోలే గానీ, ఒక్క గిన్నె వంక తీరిగ్గా చూసిన పాపాన పోలేదు."

రూబీ ఊపిరి పీల్చుకుంది.

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసెయ్యండి" అంది చూడామణి.

రూబీ బకెట్లోంచి బ్రష్ అందుకుంది. "చెరిపేస్తామంటున్నాం కదండీ!"

"అయ్యో, ఒక్కటీ చెరపొద్దు!" ఆవిడ కంగారుగా గోడకి అడ్డం వచ్చి నిలబడింది. "నేనే వచ్చి ఉంటాను."