దిబ్బతో పంతం

"మా ఇంటి మేకు సంగతి తర్వాత. ముందు దిబ్బ మీది మేకు చూసి చెప్పవే," అంది మామ్మ, చక్రాల కుర్చీలోంచి మెడ సాచి.

గుమ్మం ముందు మూడుకాళ్ళ స్టాండు మీద పరికరం బిగిస్తున్న సర్వేయరు నవ్వింది. మామ్మ ఆ పిల్లకు 'కొలతలమ్మ' అని పేరు పెట్టేసింది. అసలు పేరు అడిగే తీరిక ఆవిడకు లేదు.

"దిబ్బ ఎటు పోతే నీకేం మామ్మా? ఇల్లు కుంగితే కదా మీకు తంటా!"

వాళ్ళ కాళ్ళ కింద, చాలా లోతున బొగ్గు గని. అక్కడ గోడలా నిలిచిన బొగ్గును ఓ యంత్రం ఈ కొస నుంచి ఆ కొసకు చెక్కుకుంటూ ముందుకు సాగుతుంది. వెనక ఖాళీ అయిన చోట కప్పు కూలుతుంది. పైనున్న నేల మెల్లగా, మనిషి పడుకున్న పరుపులా దిగుతుంది. యంత్రం దారి, ఇంటికి ఎదురుగా ఉన్న రాళ్ళదిబ్బ కిందుగా పోయింది. మామ్మ ఇల్లు ఆ దారికి ఈవలి ఒడ్డున ఉంది. నేలలో గుర్తుగా దిగ్గొట్టిన మేకుల ఎత్తు కొలిచి, ఒడ్డు కూడా కదిలిందో లేదో తేల్చాల్సింది కొలతలమ్మ. కదిలితే ఇవాళే ఇల్లు ఖాళీ చేసి, ఊరి చివరి క్వార్టర్స్‌కు పోవాలి.

కోడలు అప్పటికే గిన్నెలన్నీ సంచుల్లో సర్దేసింది.

"అత్తయ్యా, మీ మందులు ఏ సంచిలో పెట్టను?"

"అలమరలోనే ఉంచు. నేను కదలను."

"ఇల్లు మీద పడినా?"

"నా మీద పడటానికి దానికి దడ. పక్కకు తిరిగి పడుతుంది."

కోడలు తల కొట్టుకుంది. "చూశావా అమ్మాయ్! క్వార్టర్స్‌లో కుర్చీని గుమ్మంలోకి తొయ్యడానికి వాలుదారి ఉంది, కిటికీ తెరిస్తే తోట ఉంది. ఈవిడకు మాత్రం ఈ గుమ్మమే కావాలి. పొద్దస్తమానం ఆ దిబ్బను గుడ్లురిమి చూడటమే పని."

"దానికీ నాకూ పంతమే," అంది మామ్మ. "నేను నిలబడగలిగిన రోజుల్లో అది నాకు గడ్డం దాకే వచ్చేది. కాళ్ళు చచ్చుబడి ఇందులో కూలబడ్డానో లేదో, మేడంత పెరిగి కూర్చుంది దొంగది! ఎవరూ చూడకుండా ఏదో మేస్తోంది."

"రాళ్ళదిబ్బ మేస్తుందా మామ్మా?"

"మేయకపోతే ఆ పొట్ట ఎక్కణ్ణుంచి వచ్చింది?"

కొలతలమ్మ నవ్వాపుకుని, పరికరానికి కన్ను ఆనించింది. దిబ్బ మీద తోటి ఉద్యోగి అంకెల కర్ర నిలబెట్టి పట్టుకున్నాడు.

"నడుం లోతు దిగిపోయింది మామ్మా."

మామ్మ చప్పట్లు కొట్టింది. "వచ్చావటే దారికి!" అని దిబ్బను దెప్పింది.

కోడలికి ఆ ముచ్చట పట్టలేదు. "మరి ఇంటి మేకు?"

కర్ర పట్టుకున్న మనిషి దిగి వచ్చి, గోడవార మేకు మీద దాన్ని నిలిపాడు. కొలతలమ్మ చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. పరికరం చోటు మార్చి మరోసారి చూసింది. కోడలు సంచి ముడిని పిసికేస్తోంది. మామ్మ కూడా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"కదల్లేదు," అంది కొలతలమ్మ చివరికి. "వెంట్రుకవాసి కూడా. యంత్రం మిమ్మల్ని దాటి ఎప్పుడో ముందుకు పోయింది. ఇక సంచులు విప్పుకోండి."

కోడలు గడప మీదే చతికిలబడింది. నవ్వో ఏడుపో తనకే తెలియలేదు. కాసేపటికి లేచి, "టీ పెడతానుండు. ముందు ఆ గిన్నె ఎందులో కట్టానో వెతకాలి," అంటూ లోపలికి పోయింది.

కొలతలమ్మ స్టాండు ముడుస్తూ మామ్మ దగ్గరకొచ్చింది. "గెలిచావులే. ఇప్పుడైనా చెప్పు, ఆ దిబ్బ నీకేం అపకారం చేసింది?"

"అంత ఎత్తునుంచి చూస్తే నీకేం తెలుస్తుంది? నా ఎత్తుకు దిగి చూడు."

కొలతలమ్మ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. దిబ్బ నెత్తి మీదుగా అవతలి వీధి కనిపించింది. అక్కడ తెరిచిన కిటికీ, కిటికీ పక్కన మంచం, మంచం మీది నుంచి ఎర్రగుడ్డ ఊపుతున్న ఒక ముసలి చెయ్యి.

"మా అక్క," అంది మామ్మ.