కవరు తెరవని రోజు

గుండెపోటుతో వచ్చిన మా నాన్నను ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించింది నేనే. ఆ గదిలో టెక్నీషియన్‌ని నేనే.

మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచే సన్నని గొట్టాన్ని మణికట్టు నుంచి పంపడం మేలా, తొడ నుంచి మేలా అని మా డాక్టరు పరిశోధన చేస్తున్నాడు. ఒప్పుకున్న ప్రతి రోగికీ ఒక మూసిన కవరు. అందులో ఏ దారి ఉంటే ఆ దారే.

“రెండూ ఒకటే తమ్ముడూ. ఏది మేలో తెలిస్తే ఈ కవర్లెందుకు, నాకేమన్నా పిచ్చా?” అన్నాడు. నమ్మాను. నాన్నకు నచ్చజెప్పి సంతకం పెట్టించాను.

“నువ్వున్నావుగా, నాకేం భయంరా” అన్నాడు నాన్న.

కవర్లో తొడ వచ్చింది. గుండె తేరుకుంది గానీ తొడలో నెత్తురు ఆగలేదు. మూడో రోజు నాన్న పోయాడు.

“తలరాత తమ్ముడూ” అన్నాడు డాక్టరు. అదీ నమ్మాను.

ఇవాళ అదే నొప్పితో డాక్టరు వాళ్లమ్మను తీసుకొచ్చారు. అలవాటుగా కవరు అందించాను. అటు చూడకుండానే ఆమె మణికట్టుకు మందు పూశాడు.

“కవరు సార్?”

“అవతల పెట్టు. మా అమ్మరా!”

సూది కోసం చెయ్యి చాపాడు. ఆమె ఏం పాపం చేసిందని, ఇచ్చాను.

“ఆ రోజు ఈ బల్ల మీద ఉన్నది మా నాన్న సార్” అన్నాను.